వెనక గోడ దగ్గర సువార్తమ్మగారు

మా అన్నయ్య మనవరాలు నా మోకాళ్ళకు నీలగిరి తైలం రాస్తుంటే ఆ ఘాటుకు కళ్ళు మూసుకున్నాను. నరసరావుపేటలో ఆడపిల్లల ట్రైనింగు స్కూలు హాస్టలు, దాని వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న మేట్రన్ సువార్తమ్మగారు కళ్ళముందుకొచ్చారు. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఇదే వాసన.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పంతొమ్మిదేళ్ళు. పెళ్ళైన రెండో ఏడే భర్త పోతే, టీచరు ఉద్యోగమైనా వస్తుందని మా అన్నయ్య నూజెండ్ల నుంచి తీసుకొచ్చి అక్కడ చేర్పించాడు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు పంపేవారు. పాఠం అర్థం కాకపోతే టీచర్లుండేవారు. ఈ రెండూ కాని బాధ ఏదొచ్చినా మాకున్నది సువార్తమ్మగారు ఒక్కరే. ఇంటిమీద బెంగ పెట్టుకున్నవాళ్ళు, ఉత్తరం రానివాళ్ళు, వచ్చిన ఉత్తరం చదివి ఏడ్చేవాళ్ళు, అందరూ సాయంత్రానికి ఆ వరండాకే చేరేవారు. ఆవిడ పెద్దగా మాట్లాడేవారు కాదు. చేతికి నాలుగు చిక్కుడుకాయలిచ్చి ఈనెలు తీయమని, మేం చెప్పేది వినేవారు. విని విని కాబోలు, పొద్దున లేచేసరికే ఆవిడ ముఖం అలసిపోయి ఉండేది.

నా కష్టం గొంతుతో. అత్తవారింట్లో మూలగదిలో నోరెత్తకుండా బతికినదాన్ని, పిల్లల ముందు నిలబడితే మాట పెగిలేది కాదు. ప్రాక్టీసు కోసం మమ్మల్ని దగ్గర్లోని చిన్నబడికి పంపేవారు. మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ పాఠం చెప్పకుండానే తిరిగొచ్చాను. ఇక ఇంటికి పంపేస్తానని పెద్ద టీచరమ్మ అన్నారు. అది విని సువార్తమ్మగారు ఆవిడ గదికి వెళ్ళారు. నేను తలుపు బయట నిలబడ్డాను.

"పదిరోజులు ఆగండమ్మా. ఇంటికి పోయి ఈ పిల్ల ఏం చేసిద్ది? మళ్ళీ ఆ మూలగదిలోనే కూచోబెడతారు."

"అయితే పాఠం నువ్వు చెప్తావా సువార్తా?"

"నాకు చదువెక్కడిదమ్మా. ఎనక కూచుంటా."

మర్నాటి నుంచి మోకాళ్ళు పట్టుకుంటూ నా వెంట నడిచొచ్చి, వెనక గోడకు ఆనుకుని పిల్లల మధ్య నేలమీద చతికిలపడేవారు. "వాళ్ళ వంక చూడమాక. నాకు చెప్పు," అనేవారు. రెండురోజులు ఆవిడకే చెప్పాను, ముందు వరసకు కూడా వినపడనంత మెల్లగా.

మూడోరోజు ఆవిడ కూర్చున్నచోటే నిద్రపోయారు. హాస్టల్లో ఇద్దరికి చలిజ్వరం, రాత్రంతా వాళ్ళ దగ్గర కూర్చున్న ఆవిడకు కునుకు లేదు. సన్నగా గురక మొదలైంది. పిల్లలు వెనక్కి తిరిగి కిసకిసలాడారు. ఎవరో ఆ గురకను అనుకరిస్తే క్లాసంతా గొల్లుమంది.

"ఒరేయ్, నోళ్ళు ముయ్యండి! ఆమెను పడుకోనీయండి!"

ఆ అరుపు నాదేనని తెలియడానికి క్షణం పట్టింది. పిల్లలు బిత్తరపోయి నావైపు తిరిగారు. బోర్డు మీద ఆవు బొమ్మ ఉంది. ఆవు గురించి మొదలుపెట్టి, గంట కొట్టేదాకా చెప్పాను. గంట మోతకు ఆవిడ ఉలిక్కిపడి లేచారు.

"పాఠం చెప్పావా? అయ్యో, నేను ఇననే లేదు గదే!"

పరీక్ష ప్యాసయ్యాను. గురజాలలో ఉద్యోగం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఆవిడను చూడబోయాను. పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారు, వరండాలో ఆవిడ ఒక్కరే ఉన్నారు. ఒళ్ళెలా ఉందని అడిగాను.

"చానా అలిసిపోయానే. అందరూ వచ్చి నాకు చెప్పుకుంటారు. నేనెవరికి చెప్పుకునేది?"

పక్కన కూర్చున్నాను. ఆవిడే మొదలుపెట్టారు. పెళ్ళినాటి సంగతులు, పోయిన బిడ్డ సంగతి, ఆ తర్వాత ఇంకెన్నో. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. నేను వింటూనే ఉన్నాను. ఆ వేసవిలో ఆవిడ పని మానేసి నకరికల్లులో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయారని విన్నాను. మళ్ళీ కలవలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పినవన్నీ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా రాయను.