కొట్టు మార్చిన స్నేహితులు

ఆ రోజు పొద్దున్న మా తమ్ముడు నాగవంశీ మంచం దిగలేదు. డయాలసిస్‌కి టైమైపోతోందని ఎంత లేపినా గోడవైపు తిరిగి, "నాను రానక్కా. ఎల్లి ఎవరి కోసం బతకాలి?" అన్నాడు.

కిడ్నీలు రెండూ పాడైన మనిషి డయాలసిస్ ఎగ్గొడితే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పటికే వాడి పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది. పడుకుంటే ఆయాసం. అమ్మ వంటింట్లో గిన్నెలు ఊరికే అటూ ఇటూ జరుపుతోంది. వాణ్ణి ఏమన్నా అడగాలంటే ఆవిడకి భయం.

జబ్బు రాకముందు వాడు ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేసేవాడు. పని దిగగానే గోపి, ముజీబ్‌లతో కలిసి పోతమ్మ టీకొట్టు దగ్గర చేరేవాడు. ఇంటికి రారా అని ఫోన్ చేస్తే "ఒక్క టీ అక్కా" అనేవాడు. ఆ ఒక్క టీ రాత్రి భోజనాల దాకా సాగేది. క్రికెట్టయినా, పెళ్లి సంబంధమైనా అక్కడ తేలాల్సిందే. ఇప్పుడు వాడు నీళ్లు కూడా కొలిచి తాగాలి. నాలుక పిడచకట్టుకుపోతే ఓ ఐసుముక్క చప్పరిస్తాడు. అయినా సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని ఆ కొట్టుకే వెళ్లేవాడు, ఊరికే కూర్చోడానికి.

కొన్నాళ్లకి గోపి, ముజీబ్ రావడం తగ్గించారు. ఫోన్లు ఎత్తడం మానేశారు. నిన్న వీడు వెళ్తే బల్ల ఖాళీగా ఉంది. పోతమ్మ జాలిపడి ఉన్న మాట చెప్పేసింది. "ఆలిక్కడికి రాట్లేదు బాబూ. బస్టాపు అవతల కొట్టుకి ఎల్తన్నారు." వీడు ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి మంచమెక్కాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. చెప్పులేసుకుని ఆ కొత్త కొట్టుకే పోయాను. పనికి బయల్దేరబోతూ గోపి అక్కడ టీ తాగుతున్నాడు, ఎంత హాయిగానో!

"ఏరా గోపీ, మా వోడి జబ్బు నీకంటుకుంటాదేటి?" అని నలుగురిలోనూ కడిగేశాను.

వాడు తెల్లమొహం వేశాడు. "అది కాదక్కా. నాను గ్లాసెత్తితే ఆడి సూపంతా గ్లాసు మీదే ఉంటాది. గుటక నానేత్తే గొంతు ఆడిది కదుల్తాది. ఎలా తాగమంటావ్? ఆడికి టీ గుర్తు రాకూడదనే కొట్టు మార్సేసాం."

"మరి ఫోనెందుకెత్తవురా?"

"ఎక్కడున్నారని అడుగుతాడు కదక్కా. ఏటి సెప్పాలి?"

ఎంత గొప్ప దయ! "ఆడు డయాలసిస్‌కి రానంటన్నాడ్రా," అన్నాను. గోపి మొహంలో నెత్తురు లేదు. టీ అక్కడే వదిలేసి బండి తీశాడు.

ఇంటికొచ్చి, కొట్టు ఎందుకు మార్చారో గోపి తడబడుతూ చెప్పాడు. నాగవంశీ గోడ వైపు నుంచి తిరగకుండానే అంతా విన్నాడు. మెల్లగా లేచి కూర్చుని, "అక్కా, ఈడికి టీ ఎట్టు," అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. పెట్టాను. గోపి గ్లాసు పట్టుకుని తల వంచేసుకున్నాడు.

"తాగరా బావా. నా ముందే తాగు. దాహం నాకు అలవాటైపోనాది. మీరు లేకపోడమే అలవాటవట్లేదురా."

గోపి ఏడుస్తూనే టీ తాగాడు. వాడు గ్లాసు కింద పెట్టే వరకూ చూసి, నాగవంశీ చొక్కా అందుకున్నాడు.