కుట్టు ఆగని కప్పు

"...శ్లాబుకి అతుకేస్తే చాలని పోయినేడూ అన్నారు! కారే నీళ్లకి అత్తయ్య మంచం మూడు మూలలూ తిరిగింది, ఇక మిగిలింది ఈ మూలే!" అంటోంది భార్య. దర్జీ తలెత్తి శ్లాబు వంక చూశాడు. రోజూ పొద్దున్నే చెమ్మ మరక చుట్టూ సుద్దతో గీత గీసి, మర్నాడు అది గీత దాటిందేమోనని బిక్కుబిక్కుమంటూ చూడటం అతనికి అలవాటు. చిరిగిన బట్ట ఎవరు తెచ్చినా బొటనవేళ్లతో అంచు లాగి చూస్తాడు. పోగులు విడిపోతే, "దీనిమీద కుట్టు ఆగదండీ, కొత్తది కొనుక్కోండి" అని మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. ఇంటి కప్పును మాత్రం భయంతో ఇన్నాళ్లూ అలా పరీక్షించి చూడలేదు. ఇవాళ మరక ఈ మూలకీ వచ్చింది. స్టూలెక్కి, మరకను బొటనవేలితో నొక్కాడు. అరచేయంత పెచ్చు ఊడి తల్లి దిండు మీద పడింది.

"దీనికీ నాలాగే పళ్లూడుతున్నాయిరా," అంది తల్లి, దిండు దులుపుతూ.

అతను స్టూలు దిగాడు.

"ఈ శ్లాబు కొట్టించేసి కొత్తది వేయిద్దాం," అన్నాడు భార్యతో.