అరమార్కు మాస్టారి సులువు పేపరు

మా బిజినెస్ డిగ్రీ విభాగంలో అకౌంట్స్ చెప్పే మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు అరమార్కు మాస్టారు. ఆ పేరు ఆయనకి తెలుసు. తెలిసీ ఏమీ అనేవారు కాదు, పైగా లోలోపల కాస్త మురిసిపోయేవారని నా అనుమానం. పాసుకి అరమార్కు తక్కువైతే ఆ అర కలిపేసి గట్టెక్కించడం ఏ మాస్టారైనా కళ్లు మూసుకొని చేసే పని. ఈయన చచ్చినా చెయ్యరు. దానికి బదులు ఆ పిల్లనో పిల్లాణ్ణో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ అరమార్కు లెక్కలో ఎక్కడ జారిపోయిందో వాళ్ల చేతే వెతికించేవారు. తను చూపించేవారు కాదు. దొరికేదాకా పక్కనే కూర్చొని కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండేవారు.

నేను మార్కెటింగ్ చెబుతాను. నా బల్ల ఆయన బల్లని ఆనుకొనే ఉంటుంది. నాకు నోరు కొంచెం పెద్దది, ఆయనకి మొండితనం చాలా పెద్దది. ఆ అరమార్కుల మీద ఆయనతో పడినన్ని గొడవలు కట్టుకున్న మొగుడితో కూడా పడలేదు నేను. "అర కలిపితే మీ ఆస్తేం పోతుంది మాస్టారూ" అంటే, "ఆస్తి నాది కాదమ్మా, వాళ్లదే పోతుంది" అనేవారు. ఆయనకి చెప్పేకంటే గోడకి చెప్పడం నయమని ఊరుకునేదాన్ని.

ఆయన దగ్గరే చదువుకొని, మా విభాగంలోనే పాఠాలు చెప్పడానికి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. పిల్లలు చిన్న మేడమ్ అనేవారు, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటేటా పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమె భర్త పని చేసే వర్క్‌షాపు మూతపడ్డాక ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. అయినా ఆ ఉద్యోగం అంటే ఆమెకి జీతం ఒక్కటే కాదు. అకౌంట్స్‌లో వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం ఇంకో గంట చెప్పమని ఆమెని పెట్టారు. ఆ గంట అయిపోయినా ఆమె బయటికి వచ్చేది కాదు. వాచ్‌మన్ తాళాలు గలగలలాడిస్తే గానీ ఆ గదిలో దీపం ఆరేది కాదు.

మాస్టారు ఆమెని కూతురిలా చూసుకునేవారు. అలాగని ఎదురుగా ఒక్క మంచి మాట అన్నది లేదు. ఆయన మెప్పుకోలు కూడా అరమార్కుల లెక్కనే ఉండేది.

ఆ సంవత్సరం బయటినుంచి తనిఖీ బృందం వస్తుందన్నారు. డిగ్రీలో నేర్పుతామని చెప్పినవి పిల్లలకి నిజంగా వస్తున్నాయా, దానికి ఎంతమంది పంతుళ్లు అవసరం అన్నది వాళ్లు తేలుస్తారు. వచ్చిందా రాలేదా అన్నది చూసే పద్ధతి సులువే. ఏడాది చివరి పరీక్షలో ఒక్కో సబ్జెక్టుకి ఒక పెద్ద ప్రశ్నని కొలబద్దగా పెట్టుకుంటారు. దానికి నూటికి అరవై దాటినవాళ్లకి వచ్చినట్టు, దాటనివాళ్లకి రానట్టు. మిగతా సబ్జెక్టులకి భయం లేదు. నా మార్కెటింగ్‌లో అయితే నాలుగు మాటలు అల్లగలిగిన ప్రతివాడూ అరవై దాటతాడు. అకౌంట్స్‌లో అల్లికలు కుదరవు.

మా హెడ్డుగారు మంచివాడే గానీ, చిన్న గాలికే తిరగబడే గొడుగు. తనిఖీ మాట వినగానే ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. మాస్టారిని పిలిచి, ఈసారి పేపరు కాస్త తేలిగ్గా ఇమ్మన్నాడు. మాస్టారు ససేమిరా అన్నారు. అప్పుడు హెడ్డుగారు అసలు చోట పట్టుకున్నాడు. అకౌంట్స్‌లో అంకె పడిపోతే, సాయంత్రం గంటకని పెట్టిన మనిషి ఏం చేస్తోందని అడుగుతారు, తీసెయ్యమంటారు, ఆపైన తన చేతుల్లో ఏమీ ఉండదు అన్నాడు. ఆమె పోస్టు పర్మనెంటు చెయ్యమని తనే ఒక విన్నపం కూడా రాసి పెట్టానన్నాడు.

"మీ శిష్యురాలి ఉద్యోగం మీ పేపరు మీద ఉంది మాస్టారూ. ఆపైన మీ ఇష్టం" అన్నాడు.

మాస్టారు వచ్చి బల్ల దగ్గర కూలబడ్డారు. మింగలేక కక్కలేక ఉన్నారని చూస్తేనే తెలుస్తోంది. సంగతి విని నేను తేలిక పేపరు ఇవ్వొద్దనే అన్నాను. ఇన్నేళ్లూ ఏ మొండితనాన్ని తిట్టిపోశానో ఆ ఒక్కసారికి అదే కావాలనిపించింది నాకు. ఆయన విన్నారో లేదో తెలియదు.

మర్నాడు సాయంత్రం ఆయన చిన్న మేడమ్ గది వైపు వెళ్లారు. తలుపు దగ్గర నిలబడి చూస్తే, బోర్డు మీద ఒక పొడుగమ్మాయి లెక్క చేస్తోందట. సంవత్సరాంతపు లెక్కల్లో సర్దుబాట్లని ఉంటాయి. వాటిని రెండు చోట్ల చూపాలి. ముందుగా కట్టేసిన బీమా ఉందనుకోండి, ఖర్చులోంచి తగ్గించాలి, ఆస్తుల వైపు కూడా రాయాలి. మా పిల్లల్లో సగం మంది ఒక చోట రాసి, హమ్మయ్య అని చేతులు దులుపుకుంటారు. ఆ పొడుగమ్మాయి కూడా అదే చేసింది. చిన్న మేడమ్ కిమ్మనకుండా చేతులు కట్టుకొని చూస్తోంది. మాస్టారు కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశారు.

"వీళ్ల చేత కాదమ్మా. ఆ పిల్ల ప్రాణం పెడుతోంది గానీ, వీళ్ల చేత కాదు" అన్నారు నాతో. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలే కొంప ముంచింది.

ఎప్పుడూ పరీక్షకి లెక్కలు ఆయనే కొత్తగా అల్లేవారు. ఈసారీ ఒకటి అల్లారు. దాన్ని సొరుగులో పడేసి, క్లాసులో బోర్డు మీద చేయించిన పాఠ్యపుస్తకం లెక్కే, అంకెలు కూడా మార్చకుండా పేపర్లో పెట్టారు. పరీక్ష అయ్యాక పిల్లలు నవ్వుకుంటూ, ఒకళ్ల వీపు ఒకళ్లు చరుచుకుంటూ బయటికొచ్చారు. చిన్న మేడమ్ ప్రశ్నపత్రం పట్టుకొని వరండాలో నన్ను ఆపింది.

"అక్కా, మాస్టారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

నేను ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఎందుకలా చేశారో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆయనంటే ఆమెకి అంత భయభక్తులు.

తనిఖీకి వచ్చినవాళ్లలో పెద్దావిడ ఎక్కడో చాలాకాలం ప్రొఫెసరుగా చేసిన మనిషి. మాట మెత్తన, చూపు సూది. అకౌంట్స్ అంకె చూసింది. దాదాపు పిల్లలందరూ గట్టెక్కారు. హెడ్డుగారి మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టుంది. తర్వాత ఆవిడ హెడ్డుగారి విన్నపం తీసి దాని పక్కన పెట్టింది. అకౌంట్స్‌లో పిల్లలు బాగా వెనకబడి ఉన్నారు గనక సాయంత్రం గంటకి పర్మనెంటు మనిషి కావాలని అందులో ఉంది.

పిల్లలు వెనకబడి ఉన్నారా, లేక అందరికీ వచ్చేసిందా, రెండిట్లో ఏది నమ్మమంటారని ఆవిడ నిదానంగా అడిగింది. హెడ్డుగారికి గొంతులో వెలక్కాయ పడింది. రాలేదంటే విభాగం పరువు పోతుంది. వచ్చిందండీ, అందరికీ వచ్చింది అన్నాడు. అయితే ఇంకో మనిషి ఎందుకని ఆవిడ అడిగింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. ఈ మార్కులన్నీ ఆ అమ్మాయి చలవేనని, ఆమె సాయంత్రం గంట లేకపోతే ఇందులో ఒక్కటీ లేదని, ఎన్నడూ లేనిది నలుగురిలో ఆమెని మెచ్చుకున్నారు. పెద్దావిడ శ్రద్ధగా విని ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుంది.

"ఇది పుస్తకంలో లెక్కే కదండీ, అంకెలు కూడా మారలేదు. దీన్నిబట్టి ఆ అమ్మాయి ఏం నేర్పిందో నాకెలా తెలుస్తుంది?" అంది.

మాస్టారు ఉన్న నిజం చెబితే విభాగమే కూలిపోతుంది. ఆయన అలాగే కుర్చీలో కూర్చుండిపోయారు. చిన్న మేడమ్ ఆ గదిలో లేదు, పక్క గదిలో పిల్లలతో ఉంది. ఆ గోడ అవతలినుంచి ఆమె గొంతు మాకు వినబడుతూనే ఉంది.

విభాగానికి మంచి గ్రేడే వచ్చింది. పిల్లలు సొంతంగానే బాగా రాణిస్తున్నందువల్ల సాయంత్రం గంట, దానికి పెట్టిన కాంట్రాక్టు పోస్టు అవసరం లేదన్న మాటా దాంతోపాటే వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. హెడ్డుగారు నా చేత చీవాట్లు తిన్నాడు. వాటివల్ల పోయిన ఉద్యోగం రాలేదు గానీ, నాకు ఆ పూట అన్నం సహించింది. చిన్న మేడమ్ గొడవేమీ పెట్టుకోలేదు. తన గ్లాసూ, రంగు సుద్దముక్కల డబ్బా సంచిలో వేసుకొని, అందరికీ చెప్పి, మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆయన ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తారు.

కొత్త సంవత్సరం మొదలైంది. మాస్టారు మనిషి చిక్కిపోయారు. వాళ్లావిడ నన్ను పిలిచి, ఈయన తిండి దగ్గర కూర్చొని ఎటో చూస్తున్నారమ్మా, కాలేజీలో ఏమైందని అడిగింది. చెప్పాను. ఆ అమ్మాయి మా ఇంట్లో పిల్ల లాంటిదే కదా, ఈయనకి ఎంత కష్టం వచ్చి పడింది అని కళ్లు ఒత్తుకుంది.

ఒకరోజు మాస్టారు సొరుగులోంచి ఆ పాత లెక్క తీశారు. ఆ పిల్లలు ఇప్పుడు పై ఏడాదిలో ఉన్నారు. వాళ్లని కూర్చోబెట్టి, మార్కులేమీ లేవు, ఊరికే చెయ్యమన్నారు. ఎందుకని నేనడిగాను. వాళ్లకి రాదని తన కళ్లతో చూసుకుంటే మనసు కాస్త తేలికపడుతుందన్నారు. ఆ లెక్కే ఇచ్చి ఉన్నా ఆమె ఉద్యోగం పోయేదేననీ, తను చెయ్యగలిగింది తను చేశాననీ ఒక్కసారి నమ్మాలనుంది పాపం ఆయనకి.

దిద్దడం నా పక్కనే కూర్చొని దిద్దారు. మొదటి పేపరుకి పెన్ను ఆగింది. నాలుగైదు పేపర్లయ్యాక కళ్లద్దాలు తీశారు. అందరికీ రాలేదు. సగానికి పైగా అరవై దాటారు, అదీ ఈయన అరమార్కుల త్రాసులో. పొడుగమ్మాయి బీమాని రెండు చోట్లా చూపించింది.

"వీళ్లకి వచ్చమ్మా. ఇదే పేపరు ఇచ్చుంటే వీళ్లకి చెప్పిన పిల్ల కష్టం అందరికీ తెలిసేది" అన్నారు. అని, ఆ పేపర్ల మీదే తల వాల్చేశారు. అంత పెద్దాయన ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

ఆ సంగతి తన నోటితో ఆమెకి చెప్పాలన్నారు. నా స్కూటర్ వెనక కూర్చోబెట్టుకొని తీసుకెళ్లాను. చిన్న మేడమ్ ఒక రంగుల దుకాణంలో లెక్కలు చూస్తోంది. మమ్మల్ని చూసి నిజంగా సంతోషపడింది. రంగు డబ్బాల మధ్య రెండు స్టూళ్లు వేసి, టీ తెప్పించింది. మాస్టారు టీ ముట్టుకోకుండా జరిగింది మొత్తం చెప్పారు. సులువు పేపరు ఎందుకిచ్చారో, సొరుగులో ఉన్నది ఏమిటో, పిల్లలు దాన్ని ఎలా చేశారో అన్నీ చెప్పారు.

ఆమె మొట్టమొదట అడిగింది పొడుగమ్మాయి గురించి. రెండు చోట్లా చూపించిందా అంది. చూపించిందన్నారు. ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది.

"నీకోసమేనమ్మా అలా చేశాను" అన్నారు మాస్టారు.

"తెలుసు మాస్టారూ" అంది. తల దించుకొని కౌంటర్ మీద పడ్డ రంగు మరకని గోటితో గీకుతూ చెప్పింది. "ఆ రోజు మీరు తలుపు దగ్గర నిలబడ్డం చూశాను. ఇంకాసేపు ఉంటే బాగుండేది. మీరు వెళ్లాక ఆ పిల్ల తన తప్పు తనే పట్టుకుంది. చూపించకుండా వెతికించాలని మీ దగ్గరే కదా నేర్చుకున్నాను."

మాస్టారు ఏదో అనబోయారు.

"మీరే నేర్పారు మాస్టారూ. నాకు వచ్చిందని మాత్రం మీరు నమ్మలేదు."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మాస్టారు తట్టుకునేవారేమో. ఇంతలో ఎవరో తెల్ల రంగు డబ్బా కావాలని వస్తే, ఇప్పుడే వస్తానని లేచి వెళ్లింది. మళ్లీ వచ్చి వీధి చివరిదాకా మమ్మల్ని సాగనంపింది, అమ్మగారిని అడిగానని చెప్పమంది.

సగం దారిలో మాస్టారు వెనకనుంచి, "పరాయి పిల్లలందరివీ వెతికించి వెతికించి ఇచ్చాను. దానికి రావలసిన అరమార్కు నేనే వెయ్యలేదు" అన్నారు. మామూలుగా అయితే నేను ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు ఏమీ అనకుండా బండి నడిపి, ఆయన్ని ఇంటి దగ్గర దించాను.