ఖాళీ వాటా ఫోటోలు

ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ నడుం వాల్చడానికి వీల్లేదు. హాల్లో బల్ల మీద పెద్దాయన లాప్‌టాప్ తెరిచేవాడు. ఇంటిల్లిపాదీ కుర్చీలు లాక్కుని చుట్టూ చేరేవారు. వారం పొడుగునా అందరి ఫోన్లలోంచీ వచ్చి పడ్డ ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదికొచ్చేవి. "ఉంచుదామా, తీసేద్దామా?" అని పెద్దాయన అడిగితే మిగిలినవాళ్లు చేతులెత్తాలి. బియ్యంలో రాళ్లు ఏరినంత శ్రద్ధగా సాగే ఆ తంతుకి 'ఏరివేత' అని ఆయనే పేరు పెట్టాడు.

పెద్దాయన ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాడు. మందుసీసా మీద అచ్చుతప్పు కనిపిస్తే మందు మింగే ముందు దాన్ని దిద్దే రకం. లాప్‌టాప్ కొన్ననాడే ఇంటి మొత్తానికీ ఒకే ఖాతా తెరిచి, అందరి ఫోన్లనూ దానికి ముడిపెట్టాడు. "ఒకే పొయ్యి, ఒకే ఖాతా" అన్నాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లోవాళ్లు ఎక్కడ ఏ ఫోటో తీసినా, మనిషి గుమ్మం తొక్కేలోపే బొమ్మ వచ్చి లాప్‌టాప్‌లో కూర్చుంటుంది. పూర్వం రాజులు ఇంటింటికీ ఒక వేగుని పెట్టాలని కలలుగన్నారట. పాపం, తొందరపడి ముందే పుట్టారు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్. ఏ పెట్టె విప్పినా ముందు తీగల ఫోటో తీసుకుంటాడు, మళ్లీ బిగించేటప్పుడు తికమక పడకుండా. ఆ తీగలన్నీ ఖాతాలోకే పోయేవి.

"బాబాయ్, మళ్లీ నీ సేమ్యా వచ్చింది!" అనేది పెద్దాయన కూతురు. నవ్వులు. అందరి చేతులూ తీసేద్దామనే లేచేవి, మెకానిక్ చెయ్యితో సహా.

ఒకనాడు పాత మేడలో లిఫ్టు బాగుచేస్తుంటే, పై అంతస్తులో వాటా ఖాళీ అయిందని వాచ్‌మన్ చెప్పాడు. మెకానిక్ ఊరికే చూద్దామని ఎక్కాడు. రెండు గదులు, చిన్న వంటగది, వీధి మీదికి వెడల్పాటి కిటికీ. తలుపుకి లోపలివైపు గడియ ఉంది. దాన్ని రెండుసార్లు వేసి తీశాడు. తర్వాత ఫోటోలు తీశాడు, భార్యకి చూపించాలని.

అన్న మీద అతనికి కోపమేమీ లేదు. అదే వచ్చిన చిక్కు. తండ్రి పోయాక ప్రెస్సులో రెండు షిఫ్టులు చేసి చదివించినవాడు, పనిలో పెట్టినవాడు, పెళ్లి చేసినవాడు అన్నే. ఇప్పటికీ తమ్ముడు రాందే కంచం ముందు కూర్చోడు. లోకంలో చెరసాలలు నానా రకాలు. నడిసముద్రంలో కట్టినవీ, కొండ తొలిచి కట్టినవీ ఉన్నాయి, వాటిలోంచి పారిపోయినవాళ్లూ ఉన్నారు. వేళకింత అన్నం పెట్టి "ఇంకాస్త వేసుకోరా" అనే చోటునుంచి తప్పించుకున్నవాడి కథ మాత్రం ఎవరూ రాయలేదు.

భార్యకి అంత బరువు లేదు. ఆమె కోరిక చిన్నది. "నా కూరలో ఉప్పు నేను వేసుకోవాలండీ" అనేది. "ఎక్కువైతే అవనీ. నా చేత్తో ఎక్కువవనీ."

వాచ్‌మన్ ఆదివారం సాయంత్రం లోపు మాట చెప్పమన్నాడు. ఈలోగా అన్నతో తనే నోరు విప్పాలని మెకానిక్ రోజూ అనుకునేవాడు. అన్న ఎదురుపడగానే కరెంటు బిల్లు సంగతేదో ఎత్తి తప్పుకునేవాడు. అలా శనివారం వచ్చేసింది. మర్నాడు ఏరివేత. ముందు ఫోటోలు మాయం చేస్తే తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చనుకున్నాడు. ఫోన్‌లో 'ఖాళీ చేయి' అని కనిపించిన చోట నొక్కాడు. ఫోన్ తేలికయింది. లాప్‌టాప్ తెరిచి చూస్తే వాటా వాటాలాగే ఉంది. అది చేతిలోది తీసేస్తుందే గాని ఖాతాలోది ముట్టుకోదని అప్పుడు తెలిసింది. ఇక లాప్‌టాప్‌లోనే ఒక్కొక్కటీ ఎంచి తీసేశాడు. ఖాతాలో పోయిందంటే అందరి ఫోన్లలోనూ పోయినట్టే.

మరుక్షణం వంటింట్లోంచి భార్య పరుగున వచ్చింది, చేతిలో ఫోనూ గరిటా.

"ఏమండీ, ఇల్లు పోయింది!" అంది గొంతు తగ్గించి. "చూస్తూ చూస్తూ ఉండగా కిటికీ పోయింది."

"నేనే తీసేశా. చెత్తబుట్టలో ఉంది. అక్కడా తీసేస్తే అసలే ఉండదు."

"వద్దొద్దు. బీరువా ఎక్కడ పడుతుందో ఇంకోసారి చూడాలి."

"రేపు అన్నయ్య చూస్తాడే!"

"చెత్తబుట్ట కూడా చూస్తారా?"

"ముందు చూసేదే అది."

నిజమే. ఎప్పుడో పెద్దాయన భార్య, వదినగారు, పొరపాటున కూతురి తొలి అడుగుల పాత వీడియో తీసేసినప్పట్నుంచీ, పెద్దాయన చెత్తబుట్ట వెతక్కుండా ఏరివేత మొదలుపెట్టడు. మెకానిక్ మళ్లీ లాప్‌టాప్ వైపు తిరిగాడు. 'శాశ్వతంగా తొలగించాలా?' అని అది అడిగింది. భార్య అతని మణికట్టు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే వదినగారు చిక్కుళ్ల పళ్లెంతో వచ్చి ఎదురుగా కూలబడింది.

"ఏమయ్యా, మొగుడూ పెళ్లాం మిషను ముందు మొహాలు వేలాడేశారేం? పాడుచేశారా?"

మెకానిక్ మూత మూసేశాడు.

ఆదివారం చెత్తబుట్ట తెరుచుకుంది. కిటికీ తెరంతా పరుచుకుంది.

"ఇదెవరి గది?" అన్నాడు పెద్దాయన.

"బాబాయ్ ఫోన్‌లోంచి వచ్చింది నాన్నా."

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ప్రూఫు చూసినట్టు చూశాడు. "గోడకి చెమ్మ. కిటికీ మాత్రం బావుంది. ఎందుకు తీశావురా?"

"పని మీద వెళ్లానన్నయ్యా. లిఫ్టు..."

"లిఫ్టుకి వంటగట్టెందుకురా?"

వదినగారు ఫక్కుమంది. ఇంకెవరూ నవ్వలేదు. మెకానిక్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇప్పుడు చెప్పేస్తే సరి అనుకున్నాడు, నోరు కూడా తెరిచాడు. భార్యే ముందు మాట్లాడింది.

"నేనే తీయమన్నాను బావగారూ. మాకూ ఒక తలుపుంటే బావుంటుందని."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోప్పడి ఉంటే మెకానిక్ బతికిపోయేవాడు. కోపానికి బదులు చెప్పొచ్చు. పెద్దాయన మొహం వెలిగింది.

"ఓస్, ఇంతేనా అమ్మా! ఈ మాత్రం దానికి దొంగచాటుగా ఫోటోలా? వెనక గది మధ్య చెక్క గోడ పెట్టిద్దాం. నీకో తలుపు. పెరటి వైపు ఇలాంటి కిటికీయే. రేపే వడ్రంగిని పిలుస్తా. ఇంట్లో చోటుండగా బయటికెందుకురా పిచ్చివాడా?"

"మంచి ఆలోచన" అంది వదినగారు. "పొయ్యి ఎలాగూ ఒకటే."

"కొలతలకి పనికొస్తాయి ఇవి" అన్నాడు పెద్దాయన. "ఉంచుదామా?"

వదినగారి చెయ్యి లేచింది. కూతురిది లేచింది. పెద్దాయన తమ్ముడి వైపు ఎంతో ఆపేక్షగా చూశాడు. మెకానిక్ చెయ్యి కూడా లేచింది. భార్య చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి, ఆమె వాటినే చూసుకుంటోంది.

జేబులో ఫోన్ మోగింది.

"ఎవర్రా?"

"ఆ మేడ వాచ్‌మన్."

"మాట్లాడు మరి, మోగనిస్తావేం?"

అందరి ముందే ఎత్తాడు. అవతలివాడు ఏదో గట్టిగా అడుగుతున్నాడు.

"వద్దులేవయ్యా" అన్నాడు మెకానిక్. "వేరేవాళ్లకి ఇచ్చెయ్."

"కిటికీ వెడల్పు ఎంతో అడగరా" అన్నాడు పెద్దాయన పక్కనుంచి.

అడిగాడు.