గోలీల డబ్బా మళ్ళీ నా చేతికి వచ్చింది

సహోదరులారా, సహోదరీలారా, అది మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. కామాటిపురలో మేముండే వరుసగదుల మేడ, మా చాల్, మూడో అంతస్తు వరండాలో, కుళాయి పక్కన మా ఆయన నిలువునా కూలిపోయారు. తుంటి ఎముక విరిగింది, ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మందుల పట్టీలు చూసి, షుగర్ గోలీ రోజుకు రెండు ఎవరిచ్చారని అడిగింది. ఇచ్చింది నేనే!

చిన్నతనంలోనే అమ్మ వెంట కట్టడం పనికి వెళ్ళి ఇటుకల తట్టలు లెక్కపెట్టినదాన్ని. అంకె, తేదీ నాకు తప్పవు. అక్షరం మాత్రం అప్పటికి ఒక్కటీ రాదు. అందుకే గోలీలను రంగుతో గుర్తుపెట్టుకున్నాను: గులాబీది షుగరుకు, పొద్దున ఒకటే, తెల్లది బీపీకి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆ నెల వేరే కంపెనీ మందు వచ్చి రంగులు తారుమారయ్యాయి. నాలుగు దినాలు గడియారం చూసి, నిమిషం తప్పకుండా, తప్పు మందు మింగించాను.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ప్రార్థించాను: "ప్రభువా, ఈయన్ని బతికియ్యి. నాకు అంకెలిచ్చినవు, అక్షరాలు గూడ ఇయ్యి. నేర్వకుంటే నన్నడుగు." శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆయన కళ్ళు తెరిచి నీళ్ళడిగారు. దేవునికి స్తోత్రం!

ఇంటికి వచ్చిన దినమే కోడలు సునీత గోలీల డబ్బా అటక మీద పెట్టి, "అత్తమ్మా, ఇగ మీరు ముట్టొద్దు" అన్నది. ఆమె తప్పు లేదు. కానీ నలభై ఆరేళ్ళు ఆయనకు అన్నం పెట్టిన చేయి ఒక గోలీ పెట్టడానికి పనికిరాకపోయె!

మా మందిరం వెనుక గదిలో బుధ, శుక్రవారాలు పెద్దల బడి జరుగుతుంది. తెలుగు అక్షరాలు నేర్పి బైబిలు చదివిస్తారు. నాకు ముందు ఇంగ్లీషు కావాలన్నాను. అందరూ నవ్వారు.

"ఏం వదినా, విమానమెక్కుతవా?" అన్నది పక్క గల్లీ మరియమ్మ.

"గోలీ మీద తెలుగు రాసుంటే నీ పక్కనే కూసుందు" అన్నాను.

పాస్టరయ్య, "ముందు వాక్యం చదవాలె గద అమ్మా" అన్నారు.

"వాక్యం మీరు చెప్తే చెవులతోని వింటున్న అయ్యా. గోలీ పేరు చెవికి వినబడదు."

ఆయన లేచి నల్లబల్ల మీద తానే ఏ, బీ రాశారు.

ఇరవై ఆరు అక్షరాలకు నాకు పదకొండు వారాలు పట్టింది. రెండుసార్లు పలక విసిరికొట్టాను, రెండుసార్లూ ప్రార్థించి మళ్ళీ అందుకున్నాను.

ఆ తరువాత ఒక సోమవారం సునీత పనికి వెళ్ళే తొందరలో ఫోరస్ రోడ్డు దుకాణం నుండి మందులు తెచ్చింది. ఆసుపత్రివారు అచ్చువేసి ఇచ్చిన చీటీ పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం మీద వేలుంచి చదివాను. రెండు పట్టీలూ షుగర్ మందే!

"ఆగు సునీతా, బీపీది రాలె."

"వచ్చింది అత్తమ్మా, దుకాణమాయన ఇచ్చిండు గద."

"ఆయన ఇచ్చిండు. నేను చదివిన."

ఆమె చీటీ చూసింది, పట్టీలు చూసింది. వెళ్ళి మార్చుకొచ్చి, డబ్బా దించి నా ఒళ్ళో పెట్టింది. నా ప్రభువుకే ఘనత!

వయసు దాటిందని వెనుదీసేవారు మీలో ఉంటే, ప్రభువును అడగండి, బుధవారం వచ్చి నా పక్కన కూర్చోండి, ఆయన సిగ్గుపరచడు. పొందింది చెప్పి పోయింది దాచడం సాక్ష్యం కాదు గనుక అదీ చెబుతున్నాను. పోయినవి: మా ఆయనకు మూడు దినాల తెలివి, కర్ర లేని నడక, నా చేతి గోలీని, "చదివినవా?" అని అడగకుండా మింగే అలవాటు.