తువ్వాలుకు భయపడిన దెయ్యం

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో దెయ్యాలకు కూడా క్వార్టర్లు ఉండేవి. ఏ ఇంట్లో ఏ దెయ్యం ఉందో మా పెద్దవాళ్ళు తడుముకోకుండా చెప్పేవారు. మనుషులే క్వార్టరు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు.

పక్కింటి అక్క వాళ్ళింటికి దెయ్యం గిటారుతోపాటు వచ్చింది. చనిపోయిన ఒక గార్డు గారిది అది. ఆయన ఇంటివాళ్ళు సామాను అమ్మేస్తుంటే అక్క ముచ్చటపడి కొనుక్కుంది. చిన్న నడుము, నల్లటి అంచులు, మధ్యలో తేనెరంగు. గోడకు తగిలించాక, ఎవరూ ముట్టకుండానే అప్పుడప్పుడు మూలిగేది. గార్డు గారు డ్యూటీకి వస్తున్నారని కాలనీ తేల్చేసింది. వాళ్ళమ్మ హడలిపోయింది. "సచ్చిపోయినోడి సామాను ఇంట్లో ఉంటే నానుండను" అని, ఆదివారం దాన్ని పొయ్యిలో పెట్టేస్తానంది.

అక్క వాదించలేదు. అది ఎప్పుడు మోగుతోందో గమనించింది. ఆదివారం తలంటుకుని, వాళ్ళమ్మనూ ఇరుగుపొరుగునూ నన్నూ పిలిచి కూర్చోబెట్టింది. గతౌరా స్టేషను వైపు నుంచి బొగ్గు గూడ్సు వచ్చింది. గోడ అదిరింది, గిటారు మూలిగింది. పెద్దవాళ్ళు దణ్ణాలు పెట్టుకున్నారు. నేను వాళ్ళమ్మ కొంగు పట్టుకున్నాను. అక్క తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి తీగల మీద కప్పింది. బండి ఇంకా పోతూనే ఉంది, గిటారు మోత మాత్రం ఆగింది. తీస్తే మోగింది. కప్పితే ఆగింది.

"తువ్వాలుకి భయపడే దెయ్యమేటమ్మా?" అంది.

వాళ్ళమ్మ, "అచ్ఛా. అయినా ఆ తువ్వాలు అక్కడే ఉండనీ" అంది. గిటారు బతికింది.

తర్వాత వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. ప్లాట్‌ఫారం మీద గిటారును చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడిన అక్కను చూడటం అదే ఆఖరు. జీవితమంతా నేను సభలెక్కి మహిమలతో పోట్లాడాను. ఎవరు ఏ అద్భుతం చూపించినా నా చెయ్యి ముందు తువ్వాలు కోసమే వెతికేది. కాలనీలన్నిటికీ అలాంటి అక్క ఒకతె ఉండి ఉంటే నా ఉపన్యాసాల అవసరమే ఉండేది కాదు.

మొన్న మనవరాలు బిలాస్‌పూర్‌లోనే దయాల్‌బంద్‌లో ఎవరో వాడి అమ్మేసిన గిటారు తెచ్చుకుంది. ఈ మధ్య చేసిందేనట, కానీ పాతకాలపు నమూనాను అచ్చుగుద్దినట్టు దించారు. అదే నడుము, అదే తేనెరంగు. ఎక్కడ తగిలించనని అడిగితే పట్టాల వైపు గోడ చూపించాను.

సాయంత్రం గూడ్సు వచ్చింది. తీగ మూలిగింది. మనవరాలు భయంతో హిందీలోకి జారిపోయింది. ఎందుకు మోగుతోందో పిల్లకు విడమరిచి చెప్పాను. అప్పుడు గార్డు గారు రానట్టే ఇప్పుడు అక్కా రాలేదని నాకు తెలుసు. తువ్వాలు చేతికందే దూరంలోనే, దండెం మీద ఉంది. చివరి పెట్టె దాటిపోయేదాకా నేను దాన్ని అందుకోలేదు.