బలానికి సూది

ఎంతమందికి నయం చేసినా నాలో తేలిక పడని చోటు ఒకటి ఉంది. అక్కడ ఒక అబద్ధం ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తూ రోగులను చూశాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, నలుగురిలో పెద్దమనిషినయ్యాను. నా పేరు చెప్పను. జరిగింది మాత్రం మీకు దాచకుండా చెబుతాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరులో కొత్తగా వైద్యం మొదలుపెట్టాను. ఒకరోజు జమ్మలమడుగు నుంచి ఒక గుడి పూజారి వచ్చాడు. అందరూ ఆచార్లు అనేవారు. సొంత ఊరిలో డాక్టర్లను వదిలి బస్సెక్కి వచ్చాడంటేనే సంగతి నాకు అర్థం కావలసింది. దగ్గు, సాయంత్రాలు జ్వరం, కండువా అంచున నెత్తురు చారలు. కళ్లె పరీక్ష చేశాను. క్షయ.

ఆ మాట అనగానే ఆయన లేచి తలుపు మూశాడు.

"మెల్లగ చెప్పప్పా! బయట మా ఊరోళ్ళు ఎవురన్నా ఉండారేమో."

"ఉంటే ఏంది సామీ? జబ్బు ఎవురికైనా వస్తాది."

"నీకేం, చెప్తావు. డాక్టరు దగ్గితే ఎవురూ అడగరు. నేను గుళ్ళో దగ్గితే? రేపట్నుంచి నా చేతి తీర్థం ఎవురు తాగుతారు?"

"అయితే ఏమని చెప్పమంటావు?"

"బలానికి సూదులేస్తాండానని చెప్పు. మా ఇంటిది ఆండాళుకు గూడా అదే చెప్పు. పులిహోర తినీ తినీ నీరసం వచ్చిందను, నమ్ముతాది."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఒప్పుకున్నాను.

"సరే గానీ, సూదితో పాటు ఒక పొడి తాగల్ల సామీ. రోజూ, శానా తాగల్ల."

"ఆ పొడి ఏ జబ్బుకో మా వీధిలో అందరికీ తెలుసు! మా పక్కింటి గుమాస్తా తాగినాడని వానింటికి చుట్టాలే రాలేదు. పొడి వద్దప్పా. సూది ఒకటి చాలు."

చాలదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ సూది మందు, స్ట్రెప్టోమైసిన్, ఒక్కటే వేస్తే లొంగే క్రిములు చస్తాయనీ, లొంగనివి మిగిలి పెరుగుతాయనీ, వాటిని అణచడానికి రెండో మందు తోడుండాలనీ అప్పటికే చదువుకున్నాను. మరి ఎందుకు ఊరుకున్నాను? చాలాకాలం దాన్ని జాలి అనుకున్నాను. జాలేనా? గట్టిగా పట్టుబడితే ఆయన ఇంకో డాక్టరును వెతుక్కుంటాడనీ, కొత్త డాక్టరు చేయి మంచిది కాదని పేరు వస్తుందనీ భయపడలేదూ?

సూదులు మొదలుపెట్టాను. జ్వరం పోయింది. ఆయన ఒళ్ళు చేశాడు. తరువాత రావడం మానేశాడు. కబురు పెడితే, బలం వచ్చింది కదా, ఇంకెందుకు అన్నాడట. బలానికి సూది అని ఊరి కోసం పెట్టుకున్న పేరును చివరికి ఆయనే నమ్మాడు. నేనూ సగం నమ్మాను.

రాజధాని హైదరాబాదుకు మారాక జబ్బు తిరగబెట్టింది. అదే సూది మళ్ళీ వేశాను. ఈసారి జ్వరం కదలలేదు. భయపడి, కొండల మధ్య ఉన్న పెద్ద క్షయ ఆసుపత్రికి నేనే వెంట తీసుకుపోయాను. అక్కడి పెద్ద డాక్టరు నన్నొక్కడినే గదిలోకి పిలిచి, ఇంతకు ముందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారా అని అడిగాడు.

"లేదండీ. బలానికి సూదులు వేశాను, అంతే."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! తోటి వైద్యుడు చెప్పాడని ఆయన నమ్మాడు. స్ట్రెప్టోమైసిన్‌కు కొత్తగా వచ్చిన మాత్రలు జతచేసి మొదలుపెట్టాడు. రెండు మందులు ఇస్తున్నాననుకున్నాడు పాపం. అందులో ఒకటి నా చేతుల్లోనే పనికిరాకుండా పోయిందని ఆయనకు తెలియదు. మాత్ర ఒంటరిగా మిగిలింది. నెలలు గడిచేసరికి క్రిములు దానికీ లొంగలేదు. ఒక్క అబద్ధంతో ఆయనకు మిగిలిన మందును కూడా పాడు చేశాను.

ఆచార్లు బతకలేదు. మీరు చేయగలిగిందంతా చేసినారని ఆండాళమ్మ నాతో అన్నది. నేను తలవంచుకుని విన్నాను. దాన్ని వినయం అనుకున్నారు చూసినవాళ్ళు.

ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. జబ్బు పేరు ఇంటివాళ్ళ ముందే చెప్పేవాణ్ణి. రెండో మందు వద్దన్నవాళ్ళతో గంటలకొద్దీ వాదించేవాణ్ణి. కొందరు తిట్టుకుంటూ పోయారు. పులివెందుల నుంచీ, వేంపల్లె నుంచీ వచ్చినవాళ్ళు చాలామంది నయమై పోయారు. అది పశ్చాత్తాపమా, లేక నిజం చెప్పకుండా తప్పించుకునే దారా? ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

ఈ మధ్య ఆండాళమ్మ దగ్గుతూ వచ్చింది. భర్తకు సేవ చేసిన మనిషి. కళ్లె చూశాను. చూడకముందే తెలుసు. మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళాం. పెద్ద డాక్టరు జుట్టు నెరిసింది; ఆచార్లు ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఇప్పుడు అక్కడ రోగి కళ్లెలోని క్రిములను పెంచి, ఏ మందుకు లొంగుతాయో, ఏ మందుకు లొంగవో పరీక్షించి చెబుతున్నారు. కానీ ఫలితం రావడానికి వారాలు పడుతుంది.

ఈమె ఇంతవరకూ ఏ మందూ వాడలేదు కదా, అందరికీ ఇచ్చేవే మొదలుపెడదామన్నాడు ఆయన. ఈసారి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఊరుకుంటే చాలు.

ఆండాళమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె వినేలాగే చెప్పాను. ఈమెకు పట్టినవి భర్త క్రిములు కావచ్చని, ఆయనకు స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వేసింది నేనేనని, ఇదే గదిలో మీకు అబద్ధం చెప్పానని.

పెద్ద డాక్టరు నన్ను తిట్టలేదు. ఓదార్చలేదు. కలం తీసుకుని రాసిన మందులు కొట్టేశాడు.

ఆండాళమ్మ నా వైపు తిరగలేదు. ఆయననే అడిగింది.

"వేరే మందులు ఉండాయా అప్పా?"

"ఉన్నాయమ్మా. ముందే తెలిసింది కాబట్టి ఉన్నాయి."

కొత్త మాత్రలు కడుపులో తిప్పుతాయి. అయినా మానడం లేదట. జ్వరం తగ్గుముఖం పట్టిందని ఆసుపత్రి నుంచి కబురు వస్తే మొన్న చూడడానికి వెళ్ళాను. ఆమె నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని అడిగే హక్కు నాకు లేదు. నర్సు మాత్రలు తెచ్చి చేతిలో పెట్టింది. ఆండాళమ్మ ముఖం అటు తిప్పుకొని ఒక్కొక్కటే మింగి, ఖాళీ అరచేయి తెరిచి నర్సుకు చూపించింది.